ఆట కోసం పెట్టిన డబ్బా ఊరికి భయమైతే

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమె ఉద్యోగం మీద కొన్నేళ్లు జర్మనీలో ఉండి వచ్చారు. ఇప్పుడు ఇంటి నుంచే పని. అక్కడ ఉన్నప్పుడు జియోకాషింగ్ అలవాటైంది. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను, ఒక చిన్న వివరణను యాప్‌లో పెడతారు. యాప్ తరఫున రివ్యూయర్ అనే ఆయన చూసి ఒప్పుకుంటేనే అది అందరికీ కనపడుతుంది. ఇంకొకరు ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వచ్చి, వెతికి పట్టుకుని, డబ్బాలో ఉన్న పుస్తకంలో పేరు రాసి, మళ్లీ ఉన్నచోటే పెట్టి పోతారు. దాచిన డబ్బానే జియోకాష్ అంటారు. బహుమతులేమీ ఉండవు, వెతుకులాటే ఆట.

జర్మనీలో ఆమెకు బాగా నచ్చినవి భయపెట్టే రకం డబ్బాలు. పాడుబడ్డ ఫ్యాక్టరీల్లో దాచినవి, రాత్రిపూట అడవిలో టార్చి వెలుగుకు మెరిసే రిఫ్లెక్టర్లను పట్టుకుని వెతికేవి. అలాంటిది మన దగ్గర కూడా ఒకటి ఉండాలనిపించి, అమ్మగారి ఊరి బయట ఉన్న పాత మెట్లబావి దగ్గర, బీటెక్ చదివే పిన్ని కొడుకుతో కలిసి ఒకటి పెట్టారు. నల్ల టేపు చుట్టిన స్టీలు టిఫిన్ డబ్బా, దాని మీద ఎర్రగుడ్డ. లోపల ప్లాస్టిక్ వేళ్ల ఎముకలు, గుండుసూదులు గుచ్చిన గుడ్డబొమ్మ. సంతకాల పుస్తకానికి 'మరణ వాంగ్మూలం' అని పేరు. యాప్‌లో రాసిన కథేమో, పొద్దుమూకాక ఆ బావిలోంచి ఒక ఆడమనిషి పిలుస్తుందని. హైదరాబాద్ నుంచి కొందరు వచ్చారు, భలే ఉందని మెచ్చుకున్నారు.

చిక్కు ఏమిటంటే, పదేళ్ల కింద ఆ బావిలో ఆ ఊరామె ఒకరు నిజంగానే చనిపోయింది. 'విన్నట్టే గుర్తు, కానీ ఊళ్లో అందరికీ తెలిసిందే కదా, పాత సంగతే కదా అనుకున్నాను' అని రాశారు. మొన్నామధ్య చనిపోయినామె అన్న వీళ్ల అమ్మ ఇంటికి వచ్చాడు. ఛాయ్ తాగాడు, వానల గురించి మాట్లాడాడు. లేచేటప్పుడు, 'బిడ్డా, బావికాడ ఏందో డబ్బ పెట్టిన్రట గదా. సూసి పోతందుకు పట్నం నుంచి కార్లల్ల అస్తున్నరట' అన్నాడు. అంతే. ఆయన గడప దాటగానే అమ్మ అందుకుంది: 'సచ్చినోళ్లతోని ఆటలేందే నీకు? సదువుకున్నదానివేనా?' ఈలోపు ఒక గొర్రెల కాపరి ఆ ఎర్రగుడ్డను చూసి, ఎవరో మంత్రాలు చేస్తున్నారని ఊళ్లో చెప్పాడు. బావికి దగ్గర్లో ఒంటరిగా ఉండే ఒక ముసలామె మీదికి మాట పోతోంది.

తమ్ముడు మాత్రం, 'రివ్యూయర్ అప్రూవ్ చేసిండక్కా, మనం తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే' అంటున్నాడు. ఇంకో నాలుగు డబ్బాలకు ప్లాన్ కూడా వేసి ఉంచారు: బొందలగడ్డ దగ్గర ఒకటి, కూలిపోయిన గడిలో ఒకటి, దామరవాయిలో రాక్షస గుళ్లు అనే పాతకాలపు రాతి సమాధుల దగ్గర ఒకటి, ఊరి పొలిమేరలో మర్రిచెట్టు కింద ఒకటి. ఆమె అడుగుతున్నది: 'ఇది నిజంగా అంత చెడ్డ పనా, లేక మనవాళ్లకు చావంటేనే భయం కాబట్టి ఇంత రాద్ధాంతమా? తీసేయాలా? మిగతావి మానుకోవాలా?'

సమాధానం

ముందు మీ ఆఖరి ప్రశ్నలోని మాటతోనే నాకు పేచీ ఉంది. మనవాళ్లకు చావంటే భయం అన్నారు. మన పెత్రమాసను ఒకసారి తలచుకోండి. పొద్దున పెద్దలకు బియ్యమిస్తాం, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటాం. పొద్దుమూకేసరికి అదే ఇంటి ముందు ఎంగిలిపూల బతుకమ్మ ఆడతాం. నిండు వయసులో పోయిన ముసలివాళ్లను డప్పులతో, చిందులతో సాగనంపుతాం. దినాల నాడు పిట్టకు పెట్టి, అది ముట్టకపోతే 'ఇస్తార్ల కల్లు పెట్టకపోతిరి, ముసలాయన ఎట్ల ముడ్తడు' అని నవ్వుకుంటాం. ఏడుస్తూనే నవ్వుతాం. ఇంత దగ్గరగా చావుతో మెలిగే మనుషులు ఎర్రగుడ్డ చూసి ఉలిక్కిపడ్డారంటే, ఆ ఉలికిపాటుకు కారణం చావు భయం కాకపోవచ్చు. ఇంకేదో ఉండాలి. దాని సంగతి తర్వాత చెప్తాను.

జర్మనీలో చెల్లింది, ఇక్కడ చెల్లలేదు అనే లెక్క కూడా అంత సూటిగా లేదు. బయటి దేశాలవాళ్లూ దీని మీద కొట్లాడుకున్నారు. 2005లో అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో, సమాధి స్థలాల్లో అనుమతి లేకుండా డబ్బాలు పెట్టడాన్ని నేరం చేయాలని శాసనసభలో బిల్లు వచ్చింది. చట్టం కాలేదు గానీ, సమాధుల మీద కూర్చుని దిగిన ఫొటోలు చూసి జనం ఎంత రగిలిపోయారో దాంతో బయటపడింది. ఇంగ్లండ్‌లో 'చర్చి మైక్రో' అనే వరుసలో వేల డబ్బాలున్నాయి. వాటిలో చాలావాటికి పద్ధతి ఇది: ఆటగాడు చర్చి ఆవరణలోకి వెళ్లి సమాధి రాయి మీది ఏడాదో, గోడ మీది అంకెలో చూసి లెక్క కట్టుకుంటాడు. అసలు డబ్బా మాత్రం ప్రహరీ బయట ఎక్కడో ఉంటుంది. సమాధిని చదవనిస్తారు, ముట్టనివ్వరు. ఈ పద్ధతిని గుర్తుంచుకోండి, మీకు పనికొస్తుంది.

ఈ ఆట పుట్టిందే ఒక ఒప్పందం మీద. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని పెట్టిన తేడాను తీసేసింది. దాంతో మామూలు మనిషి చేతిలోని జీపీఎస్ కూడా చోటును కొన్ని మీటర్ల తేడాతో చూపించడం మొదలైంది. వెంటనే, మే 3న, ఒరెగాన్‌లో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక ప్లాస్టిక్ బకెట్‌లో పుస్తకాలు, ఒక బీన్స్ డబ్బా, ఇంకా అవీ ఇవీ వేసి అడవిలో దాచి, చోటు చెప్పి, వెతకండి చూద్దాం అన్నాడు. వెతకాలనుకున్నవాడే వెతికాడు. ఇష్టం లేనివాడికి ఆ బకెట్‌తో సంబంధమే లేదు. భయపెట్టే డబ్బాలకైనా ఇదే సూత్రం. వివరణ చదివి, టార్చి తెచ్చుకుని, అర్ధరాత్రి వచ్చినవాడు భయపడటానికే వచ్చాడు. వాడికి ప్లాస్టిక్ ఎముక దొరికితే కేరింతలు కొడతాడు. అందులో అభిరుచి చెడిందేమీ లేదు.

మీ గొర్రెల కాపరి ఏ యాప్ తెరిచాడు? ఏ వివరణ చదివాడు? మీ డబ్బాకు ఇద్దరు ప్రేక్షకులున్నారు. ఒకరు టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు, రెండోవాళ్లు దారిన పోతూ తగులుకున్నవాళ్లు. మీరు మొదటివాళ్ల మెప్పు చూసుకున్నారు, రెండోవాళ్లు ఉంటారన్న సంగతే మీ ఉత్తరంలో కనపడదు. నన్నడిగితే అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. చావు కథ ఆటకు పనికిరాదని నేననను. ఆ కథ ఎవరిది, అడక్కుండా అది ఎవరి చేతిలో పడుతుంది, ఈ రెండూ చూసుకోవాలి.

మొదట డబ్బాలోని సామాను సంగతి. ఎర్రగుడ్డ, సూదులు గుచ్చిన బొమ్మ స్టుట్‌గార్ట్‌లోనో బెర్లిన్‌లోనో దుకాణంలో దొరికే ఆటవస్తువులు. మన దగ్గర మూడు బాటల కాడ కోసి పడేసిన నిమ్మకాయ కనపడితే బైకు మీద పోయేవాడు కూడా పక్కకు తప్పించి పోతాడు. వాడు నమ్ముతాడా లేదా అన్నది వేరే సంగతి, ఎందుకు నాకు అనుకుంటాడు. కాబట్టి అక్కడ అలంకారంగా ఉన్న వస్తువు ఇక్కడ ఒక వార్త. ఎవరో ఎవరికో ఏదో చేశారని ఆ వార్త. చేసింది ఎవరని ఊరు వెంటనే వెతుకుతుంది. పట్నం నుంచి కార్లలో వచ్చినవాళ్లు దానికి దొరకరు. మీరూ దొరకరు, మీది హనుమకొండ. దగ్గర్లో దొరికేది ఆ ముసలామె.

దీన్ని పెద్దది చేసి చెప్పడం లేదు. జగిత్యాలలో 2022 జనవరిలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను పట్టపగలు కుల సంఘం సమావేశంలోనే చంపేశారు. మారుమూల గూడెంలో జరగలేదు అది, జిల్లా కేంద్రంలో జరిగింది. ఒంటరి ఆడవాళ్లను, ముసలివాళ్లను చెట్టుకు కట్టేసి కొట్టిన వార్తలు మన పేపర్లలో జిల్లా పేజీలో వస్తూనే ఉంటాయి. మీ అమ్మ కోపంలో సగం ఇదేనేమో కనుక్కోండి. 'లోకం ఏమంటుంది' అన్న మామూలు భయంలా పైకి కనపడుతుంది గానీ, లోకం ఏం చేస్తుందో ఆమెకు మీకన్నా బాగా తెలుసు.

డబ్బా సంగతి కూడా ఉంది. నల్ల టేపు చుట్టిన టిఫిన్ డబ్బా! మీ తమ్ముడి వయసు వాడికి తెలియకపోవచ్చు గానీ, ములుగు, భూపాలపల్లి అడవుల వైపు ఒక తరం మొత్తం టిఫిన్ బాక్సు బాంబుల భయంతో 'రోడ్డు పక్కన టిఫిన్ బాక్సు కనపడితే ముట్టొద్దు' అనే మాట వింటూ పెరిగింది. ప్రపంచమంతా ఈ ఆటగాళ్లు ముచ్చటపడే మిలిటరీ తూటాల పెట్టె అయితే ఇంకా ఘోరం. దాన్ని ఇక్కడ ఒక్కరోజు పెట్టి చూడండి, బాంబ్ స్క్వాడ్‌తో పాటు టీవీవాళ్లు కూడా వస్తారు. ఇంగ్లండ్‌లో వెదర్బీ అనే చిన్న పట్టణంలో 2011లో ఒక కేఫ్ బయట దాచిన ప్లాస్టిక్ డబ్బాను చూసి బాంబనుకుని, వీధి ఖాళీ చేయించి, దాన్ని పేల్చేశారు. అంత నెమ్మదైన ఊళ్లోనే అట్లుంటే, మన దగ్గర మీ డబ్బాను ఇన్నాళ్లు ఎవరూ పోలీసులకు చెప్పకపోవడం మీ అదృష్టం. లోపల కనపడే పారదర్శక డబ్బా వాడి, మీద తెలుగులో పెద్ద అక్షరాలతో 'ఇది ఆట డబ్బా, ప్రమాదం లేదు' అని రాసి, ఫోన్ నంబరు పెడితే ఈ చిక్కులో చాలా భాగం పోతుంది. అది చాలా చిన్న పని.

ఇప్పుడు చనిపోయినామె సంగతి. దీని దగ్గర కొంచెం ఆగాలి.

'పాత సంగతే కదా' అన్నారు. ఎంత పాతదైతే చావు కథ అవుతుంది? నా దగ్గర దీనికి కచ్చితమైన లెక్క లేదు, కానీ ఒక గుర్తు ఉంది. ఆ మనిషిని పేరు పెట్టి పిలిచినవాళ్లు ఇంకా ఉంటే అది కథ కాదు, వాళ్ల ఇంటి సంగతి. కాకతీయుల కాలం నాటి యుద్ధంలో పోయిన సైనికుడి మీద మీరెంత భయంకరమైన కథ అల్లినా వరంగల్ కోటలో ఎవరి గుండే కలుక్కుమనదు. పదేళ్ల కింద పోయినామె అన్న మాత్రం ఇప్పుడు మీ ఇంటికొచ్చి ఛాయ్ తాగి పోతున్నాడు.

ఆయన మాట ఇంకోసారి చదవండి. తీసేయమనలేదు, తిట్టలేదు, చెల్లెలి పేరు కూడా ఎత్తలేదు. 'కార్లల్ల అస్తున్నరట' అన్నాడు. మన ఊళ్లలో పెద్దమనుషులు ఎదుటివాళ్ల ఇంట్లో కూర్చుని ఇంతకన్నా గట్టిగా చెప్పరు. మీ తమ్ముడు అది అభ్యంతరమే కాదంటాడేమో గానీ, మీకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే నాకు ఉత్తరం రాశారు.

ఇందులో అభిరుచికి మించిన విషయం ఇంకొకటుంది. ఆమె ఎలా చనిపోయిందో మీరు రాయలేదు, ఆత్మహత్య అయి ఉంటే ఇది తప్పక వినాలి. ఆత్మహత్యల గురించి ఎలా రాయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మీడియాకు మార్గదర్శకాలిచ్చింది. భారత ప్రెస్ కౌన్సిల్ కూడా 2019లో అదే దారిలో సూచనలిచ్చింది. చనిపోయిన చోటును, విధానాన్ని ఎత్తిచూపొద్దు, దాన్ని ఆకర్షణీయంగా చేయొద్దు అన్నది వాటిలో ముఖ్యమైనది. ఒక చోటుకు అలాంటి పేరు పడితే, మనసు బాగాలేనివాళ్లను ఆ చోటే లాగే ప్రమాదం ఉంది. మీరు రాసింది పత్రికా వార్త కాదు, నిజమే. కానీ 'బావి పిలుస్తుంది' అని అక్షాంశ రేఖాంశాలతో సహా రాసి, జనాన్ని చీకటి పడ్డాక అక్కడికి రప్పించారు. మిగతా విషయాల్లో మీ ముందు దారులు పెడతాను, మీరే ఎంచుకోండి. ఈ వివరణ ఒక్కటి మాత్రం ఈ జవాబు చదవడం అవగానే ఫోన్ తీసి చెరిపేయండి. మిగతావన్నీ ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.

తమ్ముడి వాదనకు వద్దాం. రివ్యూయర్ అప్రూవ్ చేశాడు కాబట్టి తప్పు లేదంటున్నాడు. రివ్యూయర్లు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు. పక్క డబ్బాకు 161 మీటర్ల దూరం ఉందా, రైలు పట్టాలు, బడి లాంటి చోట్ల పక్కన పెట్టారా, నేల తవ్వి పాతారా, ఇలాంటివి చూస్తారు. మీ అమ్మగారి ఊరి బావిలో పదేళ్ల కింద ఏం జరిగిందో ఎక్కడో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది? పైగా డబ్బా పెట్టేటప్పుడు ఆ స్థలం తాలూకు వాళ్ల అనుమతి తీసుకున్నామని ఒప్పుకునేది మీరే. ఆ బావి పంచాయతీదా, ఎవరి పట్టా భూమిలోదా? మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అనుమతి లేకుండా ఉందని రివ్యూయర్‌కు తెలిస్తే ఆయనే తీసేస్తాడు. అప్పుడు తమ్ముడు ఏ అప్రూవల్ చూపిస్తాడు?

తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అన్నాడు. ఒప్పుకుంటే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. కుర్రతనం, వదిలేయండి.

ఇక మీరు చేయగలిగినవి. పూర్తిగా తీసేయడం ఒక దారి. డబ్బా తెచ్చేసి, యాప్‌లో ఆర్కైవ్ చేయడం, అంటే దాన్ని ఆటలోంచి శాశ్వతంగా తప్పించడం. దీనివల్ల వెతికి పట్టుకున్నవాళ్ల లెక్కకు ఏ నష్టమూ లేదు, వాళ్ల ఖాతాలో అది అలాగే ఉంటుంది. అయితే ఆర్కైవ్ చేసినా ఆ పేజీ మాయం కాదు, ఎవరైనా తెరిచి చదవొచ్చు. అందుకే వివరణను ముందు చెరిపేయమన్నాను. ఈ దారిలో మీకు పోయేది చాలా తక్కువ. పోయే ఆ కొంచెం కూడా ముచ్చటపడి చేసుకున్న మీ పని, దానికి వచ్చిన మెప్పు. అది పోతుంటే బాధ కలగడం సహజం, సిగ్గుపడాల్సిన పని లేదు. ఇంకో సంగతి, డబ్బాను గుట్టుగా రాత్రిపూట తీసుకెళ్లారో, మంత్రాల మాట ఇంకా బలపడుతుంది. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, ఆ గొర్రెల కాపరిని పక్కన పెట్టుకుని విప్పి చూపించి తీయాలి. ప్లాస్టిక్ ఎముకను ఆయన చేతికే ఇవ్వండి. ముసలామె మీద పడ్డ మాట అప్పుడే పోతుంది. మీరు ఏ దారి ఎంచుకున్నా ఈ పని తప్పదు, చేస్తే ఈ వారమే చేయాలి.

రెండో దారి, చోటు ఉంచి వేషం మార్చడం. మెట్లబావి అంటే రాతి పని, నీటి లెక్క, ఆ రాళ్లను ఎవరు ఎలా పేర్చారన్న కుతూహలం. చావు లేకుండానే చెప్పుకోవడానికి చాలా ఉంది. వరంగల్ శివనగర్‌లోని మెట్లబావిని చూడటానికి జనం అందుకోసమే కదా వస్తారు. కొన్నాళ్లు డబ్బాను డిసేబుల్ చేసి, కొత్త డబ్బా, కొత్త వివరణ పెట్టొచ్చు. 161 మీటర్ల లోపు చోటు జరపాలంటే మీరే జరుపుకోవచ్చు, అంతకు మించితే కొత్తగా నమోదు చేయాలి. ఇందులో ఇబ్బంది అనుమతి దగ్గర వస్తుంది. మీరే వెళ్లి ఆ అన్నను 'ఇట్ల మార్చి పెట్టుకోవచ్చా బాపు' అని అడిగితే, 'అయ్యో, పెట్టుకో బిడ్డా, నాదేం పోయింది' అంటాడు. మొహమాటానికి అన్న ఆ మాటను అనుమతి అనుకోకండి. ఆయన కాదనగలిగే మనిషితో అడిగించాలి, తోటివాళ్లో, పాలోళ్లో. కొంచెం నసిగినా సమాధానం వద్దు అనే లెక్క. సరేనన్నా కూడా, ఆ ఇంటివాళ్లకు ఆ కార్లు కనపడ్డప్పుడల్లా ఏదో ఒకటి గుర్తొస్తుంది. డబ్బా మీద కథ మార్చగలరు గానీ బావికి వాళ్ల మనసులో ఉన్న కథను మార్చలేరు. నాకైతే ఈ దారి మీద మనసు పోవడం లేదు. మీకు ఆ ఊరు, ఆ మనుషులు తెలుసు, నాకు తెలియదు కాబట్టి కొట్టిపారేయను.

మూడోది, ఉన్నది ఉన్నట్టే వదిలేయడం. పది రోజుల్లో అందరూ మర్చిపోతారని తమ్ముడు అనొచ్చు. మర్చిపోవచ్చు కూడా. కానీ ఆ పది రోజుల్లో ఊళ్లో ఎవరి పిల్లకో జ్వరం తగిలితే, ఎవరి బర్రెనో చచ్చిపోతే, ఆ పూచీ ఎవరు తీసుకుంటారు? ఈ దారి వల్ల వచ్చే నష్టం మీకు కాదు, ఇంకొకరికి. అందుకే దీన్ని దారి అనడానికే నాకు నోరు రావడం లేదు.

భయం ఆట ఆడాలన్న మీ సరదా చచ్చిపోవాల్సిన అవసరం లేదు. నాలుగోది అందుకే. భయాన్ని డబ్బాలోంచి తీసి వివరణలో పెట్టండి, నిజమైన మనిషిని తీసి కల్పించిన మనిషిని పెట్టండి. లేని ఊరు, లేని దొర, గడిలో మాయమైన లేని గుమాస్తా. అంకెల చిక్కుముడులతో హత్య కథ రాయండి. దాన్ని మిస్టరీ రకంగా పెడితే, చిక్కు విప్పినవాడికే అసలు చోటు తెలుస్తుంది. దారిన పోయేవాడికి కనపడేది ఒక మామూలు డబ్బా. వణుకంతా చదివినవాడికే దక్కుతుంది. దీనికి కష్టం ఎక్కువ, రాయడం రావాలి. ప్లాస్టిక్ ఎముక కొనడం తేలిక, ఒక్క వాక్యంతో వెన్నులో చలి పుట్టించడం అంత తేలిక కాదు. మీ ఉత్తరం చదివాక మీకు అది చేతనవుతుందనిపించింది.

రాత్రిపూట రిఫ్లెక్టర్ల ఆట మీ సొంత పొలంలో పెడదామన్న ఆలోచన వస్తే మాత్రం ఒక హెచ్చరిక. జర్మనీ అడవిలో రాత్రి తప్పిపోతే చలి వేస్తుంది, అంతే. మన దగ్గర చేన్ల మధ్య అడవిపందుల కోసం కరెంటు తీగలు పెడతారు. చట్టం వద్దన్నా పెడతారు, ఏటా మనుషులూ పోతున్నారు. మీ పొలంలో లేకపోవచ్చు, పక్క చేనులో ఉందో లేదో మీకు తెలియదు. రాత్రి ఆటకు పట్నంలో, లైట్లుండి కాపలా ఉన్న చోటు అనుమతితో దొరికితేనే ఆలోచించండి.

మీరు ప్లాన్ వేసిన నాలుగింటి గురించి. బొందలగడ్డ వద్దు. అక్కడ బొందలకు రాళ్లు, పేర్లు ఉండవు. ఎవరి పెద్దల మీద కాలు పడుతుందో కూడా తెలియదు. పక్కనే కొత్తగా కట్టిన వైకుంఠధామం గేటు దగ్గరైనా వద్దు, శవంతో వచ్చినవాళ్లకు ఫోన్ పట్టుకుని పొదలు వెతికే కుర్రాళ్లు ఎదురైతే ఏం బాగుంటుంది? మర్రిచెట్టు కింద పోచమ్మో మైసమ్మో లేదని చూసుకోండి, ఉంటే అదీ వద్దు. గడి ఎవరి పేరు మీద ఉందో కనుక్కుని, గోడ కూలే స్థితిలో ఉందో లేదో చూసి నిర్ణయించుకోండి. గడి వెట్టిచాకిరి జ్ఞాపకం ఉన్న ముసలివాళ్లు ఇంకా ఆ ఊళ్లో ఉంటారు. వాళ్లతో మాట్లాడితే మీరు కల్పించే దెయ్యం కన్నా గట్టి సంగతులే దొరుకుతాయి. వాటిని ఆటలో వాడొచ్చా అన్నది మళ్లీ వాళ్లనే అడగాలి.

దామరవాయి మాత్రం నాకు నచ్చింది. తాడ్వాయి దగ్గర అడవిలో, గుట్ట మీద, పెద్ద పెద్ద బండపలకలను గోడల్లా నిలబెట్టి పైన ఇంకో పలక కప్పిన గూళ్లు. బృహత్ శిలాయుగపు సమాధులు. అంత బండలు మామూలు మనుషులు ఎత్తలేరనుకుని చుట్టుపక్కలవాళ్లు రాక్షస గుళ్లు అన్నారు. చావు, భయం, విచిత్రం మూడూ ఉన్నాయి. పేరు పెట్టి పిలిచినవాళ్లు పోయి వేల ఏళ్లయింది. ఇంతకన్నా మంచి చోటు మీ ఆటకు దొరకదు. కానీ డబ్బా అక్కడ పెట్టొద్దు. పలకల సందుల్లో చెయ్యి పెట్టి వెతికేవాళ్లు ఒక రాయి కదిలించినా చాలు, ఇన్నేళ్లు నిలిచింది పోతుంది. పైగా చుట్టూ అడవి, అటు ఏటూరునాగారం అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా ఏదీ దాచిపెట్టకూడదు. ఇంగ్లండ్ చర్చిల పద్ధతి ఇక్కడ వాడండి. ఆటగాడు గూళ్ల దగ్గరికి పోయి, ఫలానా గూటికి ఎన్ని నిలువు పలకలున్నాయో లెక్కపెట్టుకుంటాడు. ఆ అంకెతో అసలు చోటు తెలుస్తుంది. డబ్బా తాడ్వాయిలో ఎవరో ఒకరి దుకాణం బయట ఉండొచ్చు, వాళ్లు ఒప్పుకుంటే. మేడారం జాతర రోజుల్లో మాత్రం ఆపేయండి, ఆ రద్దీలో ఎవరూ ఏమీ వెతకలేరు.

ఆ అన్న దగ్గరికి వెళ్లాలా అన్నది మీరు అడగలేదు గానీ, వెళ్లమనే నా సలహా. మీ అమ్మను వెంట తీసుకెళ్లండి. క్షమాపణల ఉపన్యాసం అక్కర్లేదు, అది ఆయనను ఇబ్బంది పెడుతుంది, చెల్లెలి గురించి అందరి ముందు మాట్లాడాల్సి వస్తుంది. 'డబ్బ తీసేసినం బాపు, ఇగ కార్లు రావు' అంటే చాలు. ఆయన ఇంకేమైనా అంటే వినండి, అనకపోతే వేరే మాటల్లో పడి కాసేపు కూర్చుని రండి.

'మరణ వాంగ్మూలం' పుస్తకంలో సంతకాలు పెట్టినవాళ్లలో కొందరు బావి ఫొటోలు, వాటి కింద జోకులు యాప్‌లో పెట్టే ఉంటారు. వాళ్లకు అసలు సంగతి నాలుగు ముక్కల్లో రాసి తీసేయమనండి. చాలామంది తీసేస్తారు, ఈ ఆట ఆడేవాళ్లు సాధారణంగా మర్యాదస్తులే. తీయనివాళ్ల లాగ్‌లను, అంటే డబ్బా పేజీలో వాళ్లు రాసినవాటిని, డబ్బా యజమానిగా మీరే తొలగించవచ్చు. ఆ పని తమ్ముడికి అప్పగించండి, ఒక్కొక్కటీ చదువుతూ తీయమనండి.